నడుముకి సూదా, పూర్తి మత్తా? విక్టోరియా కాలపు తగువు నుంచి ఇవాళ్టి ఎంపిక దాకా

మా అమ్మ తెల్లవారుజామున బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఎక్స్‌రే చూసిన డాక్టర్ ఆలస్యం లేకుండా ఆపరేషన్ చేసెయ్యాలన్నారు. "సాయంత్రం మత్తు డాక్టర్ వచ్చి చూస్తారు. నడుముకి ఇవ్వాలా, పూర్తి మత్తు ఇవ్వాలా అన్నది అప్పుడు మాట్లాడుకోండి" అని చెప్పి వెళ్లిపోయారు.

సాయంత్రం అయ్యేలోపు వార్డు బయట బెంచీ మీద మావాళ్లు రెండు జట్లయ్యారు. "డెబ్భై నాలుగేళ్ల మనిషికి పూర్తి మత్తు ఇస్తే మళ్లీ కళ్లు తెరుస్తుందా? నడుముకే ఇమ్మనండి" అని మామయ్య. "నడుముకి వద్దే వద్దు. నా సిజేరియన్ అయిన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా నడుము నొప్పి నన్ను వదల్లేదు" అని పిన్ని. ఇద్దరికీ అమ్మంటే ప్రాణం. ఎవరి మాటా కాదనలేక నాకు టెన్షన్ పెరిగిపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. చదువుతూ పోతే విక్టోరియా రాణి కాలం దాకా వెళ్లాల్సి వచ్చింది, ఎందుకంటే ఆపరేషన్‌కి మత్తు మొదలైందే అప్పుడు. మత్తుమందుగా ఈథర్ మంచిదా, క్లోరోఫామ్ మంచిదా అని ఆనాటి డాక్టర్లు కూడా మా మామయ్యా పిన్నీ లాగే రెండు జట్లుగా చీలి ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. ఆ తగువులో ఒక ముఖ్యమైన ఘట్టం హైదరాబాద్‌లోనే జరిగింది. అప్పటి మందుల్నీ ఇప్పటి పద్ధతుల్నీ ఒకే కొలతలతో చూస్తే, దేని గురించి భయపడాలో, ఏ భయాన్ని వదిలెయ్యొచ్చో తేలిగ్గా తెలుస్తుంది. ఆఖరి నిర్ణయం మీ మత్తు డాక్టరుతో కలిసి తీసుకోవాల్సిందే. ఆయన ముందు కూర్చునే లోపు తెలుసుకుని ఉండాల్సినవి రాస్తున్నాను.

## ముందు కొలతలు

మత్తంటే నిద్ర అనుకుంటాం గానీ, నిద్రలో మనిషి ఊపిరి ఆగదు, గిల్లితే లేస్తాడు. మత్తు అలాంటిది కాదు. కాబట్టి మొదట చూడాల్సింది, స్పృహ తప్పించే మోతాదుకీ ప్రాణం మీదికి తెచ్చే మోతాదుకీ మధ్య ఎంత దూరం ఉందన్నది. ఆ దూరం ఎక్కువున్న మందు మంచిది. రెండోది, ఇచ్చిన మోతాదుని అప్పటికప్పుడు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ వీలుందా? మూడోది, ఊపిరి, గుండె, బీపీ మీద దాని ప్రభావం. నాలుగోది, తెలివొచ్చాక ఎలా ఉంటుంది: వాంతులు, తలనొప్పి, మొదటి రాత్రి నొప్పి. ఐదోది, ఆపరేషన్ ఒంట్లో ఎక్కడ, ఎంతసేపు.

ఆరోది ఇంకొకటుంది. మత్తు ఇచ్చాక కత్తి పట్టుకున్న డాక్టర్ కాక, మిమ్మల్నే కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరు? మా బెంచీ మీద ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. నేను చదివినంతలో మిగతా ఐదింటికంటే ఇదే ముఖ్యం.

## ఈథర్: మొండిది, కానీ నమ్మదగ్గది

1846 అక్టోబర్ 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో విలియం మోర్టన్ ఈథర్ ఆవిరితో ఒక రోగికి మత్తిచ్చి చూపించాడు. రెండు నెలలు దాటగానే, డిసెంబర్ 21న, లండన్ యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్‌లో రాబర్ట్ లిస్టన్ అదే ఈథర్ కింద ఒక రోగి తొడ దగ్గర కాలు తీసేశాడు. లిస్టన్ అప్పటికే చెయ్యి వేగానికి పేరు మోసినవాడు. మత్తు లేని రోజుల్లో సర్జన్ గొప్పతనం వేగంలోనే ఉండేది. రోగిని నలుగురు గట్టిగా పట్టుకోవాలి, కోసేవాడు నిమిషాల్లో ముగించాలి. కడుపు తెరిచి నిదానంగా చేసే ఆపరేషన్ అన్న ఆలోచనకే చోటు లేదు.

ఈథర్ ఆ తొందరను తీసేసింది. మన కొలతలతో చూస్తే దాని గొప్ప గుణం ఊపిరినీ గుండెనీ తొందరగా దెబ్బతీయకపోవడం. మోతాదు కాస్త అటూ ఇటూ అయినా మనిషి దక్కేవాడు. ఇబ్బందులు మాత్రం చాలా ఉండేవి. ఘాటైన వాసన, గొంతు పట్టేసే దగ్గు, మత్తెక్కడానికి చాలాసేపు, లేచాక వాంతులే వాంతులు. పైగా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొవ్వొత్తుల వెలుగులో, గ్యాస్ దీపాల కింద ఆపరేషన్లు జరిగే కాలంలో అది చిన్న ప్రమాదం కాదు. మన దేశంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మే నెల హైదరాబాద్‌లో సీసా మూత తీస్తే దాని గతి ఏమిటో ఊహించుకోండి.

## క్లోరోఫామ్: సుఖమైనది, ప్రమాదమైనది

1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో కాన్పుల డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ తన ఇంట్లోనే ఇద్దరు సహచరులతో కలిసి క్లోరోఫామ్ పీల్చి చూశాడు. ముగ్గురూ స్పృహ తప్పారు. తియ్యని వాసన, కొన్ని చుక్కలు చాలు, చేతిరుమాలు తప్ప పరికరం అక్కర్లేదు, అంటుకుని మండదు. కాన్పు నొప్పులకి సింప్సన్ వెంటనే వాడటం మొదలుపెట్టాడు. ప్రసవ వేదన దేవుడిచ్చింది, దాన్ని తీసెయ్యకూడదని వాదించినవాళ్లున్నారు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకి లండన్ మత్తు డాక్టర్ జాన్ స్నో చేత క్లోరోఫామ్ తీసుకున్నాక ఆ వాదన బలం తగ్గింది. స్నో ఆమెకి రుమాలు మీద కొంచెం కొంచెంగా వేసి 53 నిమిషాలపాటు ఇచ్చాడు. 1857లో తొమ్మిదో కాన్పుకీ ఆయన్నే పిలిచారు.

రాణికి సుఖంగా జరిగింది. కానీ అంతకు అయిదేళ్ల ముందే, 1848 జనవరిలో, న్యూకాసిల్ దగ్గర విన్లటన్ అనే ఊళ్లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోబోయి క్లోరోఫామ్ కింద చనిపోయింది. కొన్ని నెలల ముందు ఇంకో కాలి గోరుకి ఆ పిల్లకి ఈథర్ ఇచ్చారు, అప్పుడేమీ కాలేదు. ఇంచుమించు అదే ఆపరేషన్, అదే పిల్ల, మందు మాత్రం వేరు. ఈథర్, క్లోరోఫామ్‌ల తేడా చెప్పడానికి ఇంతకంటే గుండె కలుక్కుమనే ఉదాహరణ నాకు దొరకలేదు.

చేతిరుమాలు మీద వేస్తే ఒక్కో ఊపిరిలో ఎంత ఆవిరి లోపలికి పోతుందో తెలియదని, ప్రమాదం అక్కడే ఉందని స్నో చెప్పాడు. గాలిలో క్లోరోఫామ్ పాళ్లు తెలిసేలా పరికరం తయారుచేశాడు. ఆయన 1858లో పోయాక జోసెఫ్ క్లోవర్ ఆ దారినే వెళ్లి, 1862లో గాలికి నాలుగున్నర శాతం క్లోరోఫామ్ కలిపి పెద్ద సంచిలో నింపి ఇచ్చే పద్ధతి చూపించాడు. మత్తు ఇస్తున్నంతసేపూ క్లోవర్ ఒక చేతి వేళ్లు రోగి నాడి మీదే ఉండేవి. ఇలాంటివాళ్లు అరుదు. చాలాచోట్ల రుమాలు పట్టుకునేది అందుబాటులో ఉన్న కుర్ర డాక్టరో, విద్యార్థో. మన ఆరో కొలత దగ్గర విక్టోరియా కాలం ఘోరంగా ఓడిపోయింది.

## హైదరాబాద్ కమిషన్లు

క్లోరోఫామ్ చంపేటప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా? లండన్ డాక్టర్లు చాలామంది గుండె అన్నారు, నాడి చూడమన్నారు. ఎడిన్‌బరోలో చదివి హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఎడ్వర్డ్ లారీ ఊపిరే అన్నాడు. ఊపిరి జాగ్రత్తగా గమనిస్తే చాలు, క్లోరోఫామ్ అంత క్షేమమైనది లేదన్నాడు. తేల్చడానికి 1888లో ఒక కమిషన్ ఏర్పాటైంది. అదీ ఊపిరే అంది. లండన్ వాళ్లు నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, లండన్ వైద్య పత్రిక లాన్సెట్ తరఫున ఒక నిపుణుణ్ణి పంపమంది. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఇవాళ్టి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ముందు ఊపిరే ఆగుతోందని రెండో కమిషన్ కూడా తేల్చింది.

ఆ తీర్పు పూర్తిగా నిజం కాదు. మత్తు ఇంకా పైపైనే ఉన్నప్పుడు, భయంతో ఒంట్లో అడ్రినలిన్ పొంగుతున్నప్పుడు, క్లోరోఫామ్ గుండె లయను ఒక్కసారిగా చెదరగొట్టి ఆపెయ్యగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. హానా లాంటివాళ్ల చావులకి ఆ వివరణ సరిపోతుంది. అయినా లారీ శిష్యులు ఊపిరి మీద నుంచి కన్ను తిప్పకుండా నేర్చుకున్న పద్ధతి విలువైనదే. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో ఆయన దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. మన ఊరి ఆసుపత్రిలో ఇంత చరిత్ర జరిగిందని నాకు అమ్మ ఆపరేషన్ అయ్యేదాకా తెలియదు.

ఊపిరి చూడాలా, నాడి చూడాలా అన్న ఆ తగువుకి ఇవాళ్టి థియేటర్‌లో ఉన్న జవాబు, రెండూ, నిమిషం వదలకుండా.

## నడుముకి సూది కూడా అప్పటిదే

స్పైనల్, అంటే నడుముకి సూదితో ఇచ్చే మత్తు, కొత్త పద్ధతి అనుకునేదాన్ని. కాదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలు వేసి కన్ను మొద్దుబారేలా చేశాడు. మన పెద్దవాళ్లకి చుక్కల మందుతో శుక్లాల ఆపరేషన్ చేసే పద్ధతికి మూలం అదే. 1898 ఆగస్టులో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బియర్ వెన్నులోని నీరులోకి కొకైన్ ఎక్కించి నడుము కింద నొప్పి లేకుండా ఆపరేషన్ చేశాడు. తర్వాత ఆయనా, ఆయన సహాయకుడు హిల్డెబ్రాంట్ ఒకరి మీద ఒకరు ప్రయోగం చేసుకున్నారు. మొద్దుబారిన కాలి మీద సుత్తితో కొట్టి మరీ చూసుకున్నారు. ఆ తర్వాత బియర్ రోజుల తరబడి తలనొప్పితో మంచం దిగలేకపోయాడు. వెన్నునీరు సూది రంధ్రంలోంచి కారిపోవడమే దానికి కారణం. స్పైనల్ అంటే ఇప్పటికీ చెప్పుకునే తలనొప్పి అదే. తేడా సూది సన్నదనంలో వచ్చింది. పెన్సిల్ మొనలాంటి కొనతో తయారయ్యే ఇప్పటి సన్న సూదులతో ఆ తలనొప్పి సుమారు వందలో ఒకరికి వస్తుంది. పడుకుంటే తగ్గి, కూర్చుంటే పెరగడం దాని గుర్తు. వస్తే చెప్పండి, ఓర్చుకోకండి, వైద్యం ఉంది.

## ఇవాళ్టి పూర్తి మత్తు

చేతి నరంలోకి ప్రొపోఫోల్ ఎక్కిస్తారు, అర నిమిషంలో స్పృహ పోతుంది. గొంతులోకి గొట్టం వేసి ఊపిరిని మెషీన్‌కి అప్పగిస్తారు. ఆ తర్వాత సెవోఫ్లూరేన్ లాంటి ఆవిరితో మత్తు నిలబెడతారు. సెవోఫ్లూరేన్ రసాయనపరంగా ఈథర్ కుటుంబానిదే, మండే గుణం తీసేసిన ఈథర్ అన్నమాట. క్లోరోఫామ్‌కి దగ్గరి పోలికలున్న హాలోథేన్ 1956లో వచ్చి కొన్ని దశాబ్దాలు ఏలింది, దానికీ గుండె లయను చెదరగొట్టే అలవాటుండేది. ఇప్పుడు అది చాలావరకు పక్కకి తప్పుకుంది. అలా చూస్తే పాత తగువులో ఈథరే గెలిచింది.

ఇక కనిపెట్టుకుని ఉండటం. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలోకీ వచ్చింది కదా, దాని సూత్రాన్ని 1970ల మొదట్లో జపాన్ ఇంజనీర్ తకువో అయోయాగి కనుక్కున్నాడు. దానికి తోడు ఈసీజీ, బీపీ, మీరు వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే తెర ఉంటాయి. వాటి ముందు మత్తు డాక్టర్ ఉంటారు. బ్రిటన్ లాంటి దేశాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ముందుగా అనుకుని చేయించుకునే ఆపరేషన్లలో మత్తు వల్ల ప్రాణం పోవడం సుమారు లక్షలో ఒకరికి. "కళ్లు తెరుస్తుందా" అన్న మా మామయ్య భయం క్లోరోఫామ్ కాలానికి సరైనది. ఇవాళ భయపడాల్సింది మత్తు పేరు చూసి కాదు, రోగికి ఉన్న మిగతా జబ్బుల్ని చూసి.

"ఆపరేషన్ మధ్యలో మెలకువ వస్తే?" అని ఇంకో భయం. బ్రిటన్, ఐర్లాండ్‌లలో చేసి 2014లో విడుదల చేసిన పెద్ద సర్వేలో సుమారు 19,000 పూర్తి మత్తుల్లో ఒక్కరు అలా చెప్పారు. సిజేరియన్‌కి పూర్తి మత్తు ఇచ్చినప్పుడు మాత్రం సుమారు 670లో ఒకరు. కాన్పు విషయంలో ఈ సంఖ్య గుర్తుపెట్టుకోవాలి.

## ఇవాళ్టి స్పైనల్

కొకైన్ పోయి బుపివకైన్ లాంటి మందులొచ్చాయి. బొడ్డు నుంచి కాళ్ల దాకా రెండు మూడు గంటలు తిమ్మిరెక్కి, నొప్పి తెలియదు. ఊపిరి మీరే తీసుకుంటారు, మాట్లాడతారు. మొదటి కొన్ని గంటలు నొప్పి ఉండదు, వాంతులు తక్కువ. ప్రతికూలాలూ ఉన్నాయి. బీపీ ఒక్కసారి పడిపోవచ్చు, వణుకు రావచ్చు, కాసేపు మూత్రం ఆగిపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి ఎక్కించాక వెనక్కి తీసుకోలేరు. ఆపరేషన్ అనుకున్నదానికంటే సాగితే పూర్తి మత్తుకి మారాల్సి వస్తుంది. నడుములో సన్న గొట్టం ఉంచి మందు కొద్దికొద్దిగా ఎక్కించే ఎపిడ్యూరల్ ఆ చిక్కుని తీరుస్తుంది, కాన్పు నొప్పులకి ఎక్కువగా వాడేది అదే.

పిన్ని నడుము నొప్పి సంగతి. ఆమె పడుతున్న బాధ నిజం. కానీ దానికి సూది కారణం కాదు. నడుముకి ఎపిడ్యూరల్ తీసుకున్న తల్లుల్నీ, తీసుకోని తల్లుల్నీ నెలల తరబడి గమనించిన పరిశోధనల్లో దీర్ఘకాలపు నడుము నొప్పి రెండు వర్గాల్లోనూ ఒకేలా కనిపించింది. గర్భంలో వదులైన కీళ్లు, బిడ్డని ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, బలం కోల్పోయిన పొట్ట కండరాలు దీనికి కారణాలు. సూది పడిన చోట కొన్ని రోజులు సలపరం ఉండటం మామూలే. ఈ అపోహ వల్ల మన ఆడవాళ్లు ఎన్నో ఏళ్లు నొప్పికి సరైన వ్యాయామం, వైద్యం లేకుండా "ఆ సూది వల్లే" అనుకుంటూ బతుకుతున్నారు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

| కొలత | ఈథర్ (1846) | క్లోరోఫామ్ (1847) | ఇప్పటి పూర్తి మత్తు | ఇప్పటి స్పైనల్ |
|---|---|---|---|---|
| ప్రాణానికి భద్రత | మోస్తరు | తక్కువ | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ |
| మోతాదు మార్చుకోవడం | నిదానం | రుమాలుతో అంచనా కష్టం | క్షణాల్లో | ఇచ్చాక మార్చలేరు |
| ఊపిరి | ఫర్వాలేదు | ఆగొచ్చు | మెషీన్ చూసుకుంటుంది | మీరే తీసుకుంటారు |
| గుండె, బీపీ | ఫర్వాలేదు | హఠాత్తుగా ఆగొచ్చు | తగ్గొచ్చు, సరిచేస్తారు | బీపీ పడొచ్చు, సరిచేస్తారు |
| లేచాక | విపరీతంగా వాంతులు | వాంతులు | గొంతు మంట, కొందరికి వాంతులు | కాళ్ల తిమ్మిరి, అరుదుగా తలనొప్పి |
| కనిపెట్టుకునేవారు | ఎవరో ఒకరు | ఎవరో ఒకరు | మత్తు డాక్టర్ | మత్తు డాక్టర్ |

ఈ పట్టికలో లేని ఒక సంగతి చెప్పాలి. మత్తు వచ్చినంత మాత్రాన విక్టోరియా కాలపు రోగి బతికిపోలేదు. నొప్పి లేకుండా కోయించుకుని, వారం తిరక్కుండా చీము పట్టి పోయేవాళ్లు. సర్జన్ జోసెఫ్ లిస్టర్ గ్లాస్గోలో క్రిముల్ని చంపే కార్బాలిక్ ఆమ్లం వాడటం మొదలుపెట్టక ముందు ఆయన వార్డులో కాలో చెయ్యో తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోయారు. ఆ పద్ధతి వచ్చాక 40 మందిలో ఆరుగురు. అందుకే ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు మత్తుతో పాటు శుభ్రతని కూడా అడగండి.

## మీది ఏ పరిస్థితి?

తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లు. మా బెంచీ మీద తగువంతా దీని గురించే కాబట్టి దీన్ని ఎక్కువ చదివాను. అమెరికా, కెనడాల్లోని 46 ఆసుపత్రుల్లో 1,600 మంది తుంటి ఆపరేషన్ రోగుల్ని చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒకరికి స్పైనల్, ఇంకొకరికి పూర్తి మత్తు ఇచ్చి చూశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. అరవై రోజుల తర్వాత చనిపోయినవాళ్లు, కొత్తగా నడవలేని స్థితికి చేరినవాళ్లు కలిపి స్పైనల్‌లో 18.5 శాతం, పూర్తి మత్తులో 18 శాతం. అంటే తేడా లేదు. ఆపరేషన్ తర్వాత వచ్చే మతిచలనం, అంటే మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, రాత్రుళ్లు కలవరించడం లాంటివి కూడా ఇంచుమించు సమానమే. కాబట్టి ఏ మత్తు అని వాదించుకుంటూ ఒక రోజు పోగొట్టుకోకండి. ఆలస్యం కాకుండా ఆపరేషన్ జరగడం, మర్నాడే లేపి కూర్చోబెట్టడం ఎక్కువ ముఖ్యం.

సిజేరియన్. తొందర లేనప్పుడు స్పైనల్‌దే పైచేయి. బిడ్డకి మందు చేరేది తక్కువ, తల్లి బిడ్డ ఏడుపు వింటుంది, పైన చెప్పిన 670 లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. విపరీతంగా రక్తం పోతున్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, క్షణం ఆగడానికి లేకపోయినా పూర్తి మత్తు ఇస్తారు. అప్పుడు "స్పైనలే కావాలి" అని పట్టుబట్టకండి.

మోకాలి మార్పిడి. చాలాచోట్ల స్పైనల్ వైపే మొగ్గుతారు. సుత్తి, రంపం చప్పుళ్లు వినిపిస్తాయన్న భయముంటే కునుకు పట్టే మందు కొంచెం ఇమ్మని అడగొచ్చు, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు. స్పైనల్ అంటే మెలకువగానే ఉండాలని రూలేమీ లేదు.

పిత్తాశయంలో రాళ్లకి లాప్రోస్కోపీ. పొట్టలో గ్యాస్ నింపి చేస్తారు కాబట్టి మామూలుగా పూర్తి మత్తే. ఇక్కడ ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

చెయ్యి, భుజం. మెడ దగ్గరో చంకలోనో నరాల చుట్టూ మందు ఇచ్చి చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చేస్తారు. ఆ తిమ్మిరి ఒక్కోసారి మర్నాటి దాకా ఉంటుంది. భయపడకుండా చెయ్యి జోలెలో పెట్టుకుని, వేడి వస్తువులకి దూరంగా ఉండండి.

చంటిపిల్లలు. "మత్తిస్తే బుర్ర మందగిస్తుందా" అని తల్లిదండ్రులు అడుగుతారు. పసితనంలో గంటలోపు పూర్తి మత్తు తీసుకున్న పిల్లల్ని ఐదేళ్ల వయసులో పరీక్షించిన పరిశోధన 2019లో వచ్చింది. మెలకువగా ఉంచి నడుముకి మత్తిచ్చిన పిల్లలతో పోలిస్తే తెలివితేటల్లో తేడా కనబడలేదు. హెర్నియా లాంటి అవసరమైన చిన్న ఆపరేషన్‌ని ఆ భయంతో వాయిదా వెయ్యొద్దు.

గుండె జబ్బు ఉన్నవాళ్లు. "గుండె వీక్, అందుకే నడుముకి" అన్నది అన్నిసార్లూ నిజం కాదు. గుండెలో ఒక కవాటం బాగా సన్నబడినవాళ్లకి స్పైనల్‌తో వచ్చే బీపీ పతనమే ఎక్కువ ప్రమాదం. ఎకో రిపోర్టు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

## మత్తు డాక్టర్ వచ్చినప్పుడు

మా అమ్మ ఎంపిక చివరికి ఎలా తేలిందో చెబుతాను. మత్తు డాక్టర్ వచ్చి మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని, "అమ్మా, రోజూ ఏమేం మాత్రలు వేసుకుంటారు?" అని అడిగారు. అమ్మ బీపీ మాత్ర, షుగర్ మాత్ర చెప్పి, "ఇంకోటి గుండెకి స్టెంట్ వేశాక ఇచ్చింది, రాత్రి వేసుకుంటా" అంది. అది రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర. అది వాడుతున్నవాళ్లకి నడుములో సూది పొడిస్తే వెన్ను దగ్గర రక్తం పేరుకుని కాళ్లు పడిపోయే ప్రమాదం అరుదుగానైనా ఉంటుంది. మాత్ర ప్రభావం పోవాలంటే రోజులు ఆగాలి, విరిగిన తుంటితో అన్ని రోజులు ఆగకూడదు. "పూర్తి మత్తే ఇద్దామమ్మా" అన్నారు ఆయన. పొద్దుటి నుంచి మామయ్యా పిన్నీ చేసిన వాదనలో ఆ మాత్ర మాటే రాలేదు. కొడుకుల్లో, కూతుళ్లలో మా ఎవరికీ అది గుర్తుకు రాలేదు. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

కాబట్టి మాత్రల పట్టీలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, ఆయుర్వేదం, హోమియో, నాటు మందులతో సహా. రక్తం పల్చబడే మాత్రల్ని మీ అంతట మీరు ఆపకండి, స్టెంట్ ఉన్నవాళ్లకి అదీ ప్రమాదమే. పొగ, మందు అలవాట్లు దాచకండి. పక్కన పెద్దవాళ్లుంటే చెప్పడానికి మొహమాటపడతారు, అలాంటప్పుడు మిగతావాళ్లు కాసేపు బయటికి వెళ్లడం మేలు. ఊగే పళ్లు, కట్టుడు పళ్లు, రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవడం, ఇవన్నీ చెప్పాల్సినవే.

ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత గంటల తరబడి ఊపిరి అందక మెషీన్ మీద ఉంచాల్సి వచ్చిందేమో కనుక్కోండి. కొందరి రక్తంలో పుట్టుకతోనే స్యూడోకోలినెస్టరేస్ అనే ఎంజైమ్ ఉండదు. మామూలు జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కండరాలు వదులు చెయ్యడానికి ఇచ్చే స్కోలిన్ అనే ఇంజక్షన్ పడితే మాత్రం కొన్ని నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటలు పడుతుంది. మన ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉందని పరిశోధనల్లో తేలింది. ముందే తెలిస్తే డాక్టర్ వేరే మందు వాడతారు, అంతటితో సరి.

పరగడుపు విషయంలో ఒక పొరపాటు అందరిళ్లలో జరుగుతుంది. నడుముకే కదా అని తినేస్తారు. స్పైనల్ అయినా కడుపు ఖాళీగా ఉండాల్సిందే, ఎందుకంటే ఎప్పుడైనా పూర్తి మత్తుకి మారాల్సి రావచ్చు. సాధారణంగా తేలికపాటి తిండికి ఆరు గంటలు, నూనె వంటకాలకీ మాంసానికీ ఎనిమిది గంటలు, మంచినీళ్లకి రెండు గంటలు ఆగమంటారు. పాలు కలిపిన టీ కూడా తిండి లెక్కే.

మీరు అడగాల్సిన ప్రశ్నలు మూడు చాలు. "ఆపరేషన్ అయ్యేదాకా మీరు నా దగ్గరే ఉంటారా?" "నాకు ఈ మత్తే ఎందుకు?" "అది సరిపోకపోతే ఏం చేస్తారు?" థియేటర్‌లో మీ పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అని మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఆ చెక్‌లిస్టుని ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో అమలుచేసి చూస్తే, ఆపరేషన్ మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు.

డిశ్చార్జ్ రోజున మత్తు రికార్డు జిరాక్స్ ఒకటి అడిగి తీసుకోండి. ఏ మందు ఎంత ఇచ్చారో, బీపీ ఎలా నడిచిందో అందులో ఉంటుంది. జాన్ స్నో తాను మత్తిచ్చిన రోగుల గురించి రోజువారీ పుస్తకాల్లో రాసుకున్నాడు, అవి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అమ్మ ఫైల్లో ఆ జిరాక్స్ మీద పిన్ని స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది: "రక్తం పల్చబడే మాత్ర ఉంది, ముందు ఇది చూడండి."